ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో ఎందుకు పెట్టారు?

ముఖ్య కారణం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ. దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చారు. ఇండోర్ తర్వాత 1880ల్లో సికింద్రాబాద్‌లో, 1896లో బొంబాయిలో స్టూడియోలు తెరిచారు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1892లో హైదరాబాద్‌లో ఆయన పెట్టిన జనానా (స్త్రీలకు మాత్రమే) స్టూడియో. ఘోషా పాటించే స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందు కూర్చోలేరు కదా! అందుకే చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, లోపల ఫోటోలు తీసే పని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. మగవాళ్లకు ప్రవేశం లేదు. ఆ రోజుల్లో ఇంత ఆలోచించడం మామూలు విషయం కాదు. ఆయన 1905లో చనిపోయారు. మిగిలిన గాజు నెగటివ్‌లలో రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.