ముప్పై ఎనిమిదో అక్షాంశం దాటకముందు, దాటాక

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పెనుకొండ. కియా ఫ్యాక్టరీ వచ్చాక మా ప్రాంతంలో కొరియావాళ్లు కనిపించడం మామూలైపోయింది. 1950లో అమెరికా సైన్యం వెళ్లి కమ్యూనిస్టులను ఆపబట్టే వాళ్ల దేశం ఇంత పైకొచ్చిందని నేనంటాను. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ల గొడవ వాళ్లు తేల్చుకునేవాళ్లు’ అని మా మావయ్య అంటాడు. భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, పెనుకొండ

జవాబు: మొదటి మూడు నెలల వరకూ మీ మాట నిలబడుతుంది. ఆ తర్వాత జరిగినదానికి మీ మావయ్యగారి కోపమే సబబు. 1950 జూన్ 25 నుంచి 1953 జూలై 27 దాకా సాగినదాన్ని ఒకే యుద్ధంగా చూస్తే ఈ చిక్కు వీడదు.

డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద కొరియా పటం వేసి నడుమ అడ్డగీత గీసేవాణ్ణి. ఆ గీత ఎవరు గీశారన్నదే పిల్లలు మొదట అడిగేవారు. 1945 ఆగస్టులో, అప్పటిదాకా కొరియాను ఏలిన జపాన్ లొంగిపోబోతుండగా, వాషింగ్టన్‌లో ఇద్దరు అమెరికన్ కల్నళ్లు, డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్, ఓ రాత్రివేళ అరగంటలో తేల్చిన గీత అది. వాళ్ల ముందున్నది నేషనల్ జియోగ్రాఫిక్ పటం. 38వ అక్షాంశానికి పైన రష్యన్లు, కింద అమెరికన్లు. కొరియన్లను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. వేల ఏళ్లు కలిసి బతికిన జాతిని అలా రెండు చేశారు. కాబట్టి ‘వాళ్ల గొడవ’ అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఆ గొడవకు పునాది వేసిందే పరాయివాళ్లు.

దక్షిణాన సింగ్మన్ రీ ప్రభుత్వం కూడా మంచిదేం కాదు. 1948లో జెజు ద్వీపంలో తిరుగుబాటును అణచే పేరుతో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి, వేలమంది సామాన్యులను చంపింది. అవకాశం దొరికితే తామే ఉత్తరం మీదికి వెళ్తామని రీ బహిరంగంగానే అనేవాడు. ఇదంతా ఒప్పుకుంటూనే చెబుతున్నాను: ఆ జూన్ 25 తెల్లవారుజామున సోవియట్ టీ-34 ట్యాంకులతో గీత దాటి వచ్చింది ఉత్తర కొరియా పాలకుడు కిమ్ ఇల్ సుంగ్ సైన్యం. దానికి స్టాలిన్ ముందే అనుమతి ఇచ్చాడని సోవియట్ యూనియన్ కూలాక బయటికొచ్చిన పత్రాలే చెబుతున్నాయి. మూడు రోజుల్లో సియోల్ పడిపోయింది. ఆగస్టుకల్లా దక్షిణ ప్రభుత్వానికి మిగిలింది పూసాన్ చుట్టూ ఓ మూల మాత్రమే. దాడిని ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతామండలి చేసిన తొలి తీర్మానానికి మన దేశం కూడా ఓటేసింది. సమితిలో చైనా సీటు కమ్యూనిస్టు చైనాకు ఇవ్వలేదని అలిగి సోవియట్ ప్రతినిధి సభకు రావడం మానేశాడు, అందుకే వీటో పడలేదు. ఒక సైన్యం దండెత్తి వస్తే, దాడికి గురైనవాడు సాయం అడిగితే, సమితి అనుమతితో వెళ్లి ఆపడం తప్పని నేననను. దండెత్తినవాడి జెండా ఎర్రదైనా మరో రంగుదైనా నా జవాబు ఇదే.

సెప్టెంబరు 15న సమితి దళాల సేనాని, అమెరికన్ జనరల్ మెకార్థర్ సియోల్ దగ్గరి రేవు ఇంచాన్‌లో సైన్యాన్ని దింపాడు. నెల ముగిసేసరికి సియోల్ మళ్లీ చేతికొచ్చింది. ఉత్తర సైన్యం చెల్లాచెదురైంది. ఏ పనికి వెళ్లారో ఆ పని అయిపోయింది.

అప్పుడు జరిగింది చూడండి. అక్టోబరు 3, అర్ధరాత్రి దాటాక బీజింగ్‌లో మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను నిద్రలేపి చైనా ప్రధాని చౌ ఎన్-లై దగ్గరికి తీసుకెళ్లారు. చౌ చెప్పింది ఒకటే: అమెరికా సైన్యం 38వ అక్షాంశం దాటితే చైనా చూస్తూ ఊరుకోదు. పణిక్కర్ వెంటనే ఢిల్లీకి తెలియజేశాడు, ఢిల్లీ నుంచి కబురు వాషింగ్టన్ చేరింది. పణిక్కర్ చైనా పక్షం మనిషి, ఇది ఉత్త బెదిరింపు అని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రభుత్వం తీసిపారేసింది. కొద్ది రోజుల్లోనే అమెరికన్ దళాలు గీత దాటాయి. చైనా వచ్చే అవకాశం చాలా తక్కువని అక్టోబరు 15న వేక్ ద్వీపంలో ట్రూమన్‌కు మెకార్థర్ భరోసా ఇచ్చాడు. మరో నాలుగు రోజులకు చైనా దళాలు సరిహద్దులోని యాలూ నది దాటడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత రెండున్నరేళ్లకు పైగా నరమేధం. సియోల్ మొత్తం నాలుగుసార్లు చేతులు మారింది. అమెరికా విమానాలు కొరియా మీద 6,35,000 టన్నుల బాంబులు కురిపించాయి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ రంగం మొత్తంలో వేసినవాటి కంటే అవి ఎక్కువ. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలు ఇరవై లక్షలకు పైమాటే, వాళ్లలో ఎక్కువమంది మామూలు జనం. తీరా కాల్పులు ఆగినప్పుడు సరిహద్దు ఎక్కడుంది? దాదాపు మొదలైన చోటే. ఆ అక్టోబరులో ఆగి ఉంటే ఇందులో ఎన్ని లక్షల ప్రాణాలు దక్కేవో అన్న ఆలోచన ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నన్ను కలచివేసేది. గీత దగ్గర ఆపడం రక్షణ. గీత దాటి అవతలి పాలనను కూల్చబోవడం దండయాత్ర. రెంటికీ ‘కమ్యూనిజం కట్టడి’ అని ఒకే పేరు పెట్టుకోవడం వల్లే వాషింగ్టన్‌కు ఆ తేడా కనబడలేదు.

ఇక కొరియా సంపద సంగతి. యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్ల దాకా తలసరి ఆదాయంలో ఉత్తరం దక్షిణానికి తీసిపోలేదు. దక్షిణాన 1960లో సింగ్మన్ రీని గద్దె దింపింది విద్యార్థులు. మరుసటి ఏడాదే సైనిక పాలన వచ్చిపడింది. 1980 మేలో గ్వాంగ్‌జులో తిరగబడ్డ జనాన్ని సైన్యం కాల్చి చంపింది. చివరికి 1987 జూన్‌లో లక్షలమంది వీధుల్లోకి వచ్చి నేరుగా ఓటేసే హక్కు సాధించుకున్నారు. మీ ఊళ్లో కనిపించే ఆ ఇంజనీర్ల తల్లిదండ్రుల చెమటను అమెరికా సైన్యం ఖాతాలో వేయకండి. అయితే 1950లో ఎవరూ అడ్డుపడకపోతే వాళ్లూ ఇవాళ కిమ్ వంశం కిందే ఉండేవారన్నది కూడా నిజం. మీ మావయ్యగారు ఆ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేరు.

ప్రశ్న: కొరియాకు మన సైన్యం కూడా వెళ్లిందట కదా. ఎవరి పక్షాన?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: పోరాడటానికి కాదమ్మా, వైద్యానికి. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ దళం 1950 నవంబరులో పూసాన్ చేరింది. డిసెంబరులో చైనా సేనల ధాటికి ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, మందులు, పరికరాలు వదిలేసి పారిపోవడానికి మనవాళ్లు ఒప్పుకోలేదు. వదిలేసిన ఆవిరి ఇంజన్ ఒకటి దొరికితే, వరసగా నిలబడి బకెట్లతో నీళ్లందించి బాయిలర్ నింపారు. ఇంజన్ నడపడం తెలిసినవాళ్లు దళంలోనే ఉన్నారు. నది మీది వంతెన పేల్చేసే లోపే బండి దాటించారు. ఆ సామాను దక్కింది కాబట్టే తర్వాత వేలమందికి వైద్యం అందింది.

యుద్ధం ఆగాక ఇంకా కష్టమైన పని మన నెత్తినపడింది. స్వదేశం వెళ్లబోమన్న ఇరవై రెండు వేలకు పైగా ఖైదీల కాపలా అది. తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. మన సైనికులు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని సింగ్మన్ రీ పట్టుబడితే, వాళ్లను ఓడల నుంచి హెలికాప్టర్లలో నిస్సైనిక ప్రాంతానికి చేర్చారు. ఒక్కో ఖైదీని డేరాలోకి తెచ్చి, అతని దేశం తరఫువాళ్ల మాట వినిపించేవారు. బయటికి దారులు రెండు, ఒకటి స్వదేశానికి, ఒకటి కాదనడానికి. ఎటు నడవాలన్నది ఆ మనిషి ఇష్టం. 88 మంది రెండు కొరియాలూ వద్దు, రెండు చైనాలూ (కమ్యూనిస్టు చైనా, తైవాన్) వద్దు అన్నారు. వాళ్లు 1954లో మన సైనికులతో పాటే ఓడలో మద్రాసు వచ్చారు.

ప్రశ్న: సార్, మా కాలేజీ వక్తృత్వ పోటీలో ‘కమ్యూనిజాన్ని ఆపడానికి వియత్నాంలో అమెరికా జోక్యం సమర్థనీయమే’ అన్న అంశం ఇచ్చారు. నేను వ్యతిరేకంగా మాట్లాడాలి. కొరియాలో సరైంది వియత్నాంలో ఎందుకు కాదంటే ఏం చెప్పాలి?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: 17వ అక్షాంశం దగ్గర మొదలుపెట్టమ్మా. 1954లో దియెన్ బియెన్ ఫూలో వియత్నాంను ఏలిన ఫ్రెంచివాళ్లు ఓడిపోయాక, జెనీవా ఒప్పందం గీసిన గీత అది. అది దేశాల సరిహద్దు కాదని, తాత్కాలికమని అందులోనే రాశారు. 1956 జూలైలో దేశమంతటా ఎన్నికలు జరగాలి. పర్యవేక్షక సంఘానికి మన దేశమే అధ్యక్షత వహించింది. దక్షిణాన పాలకుడు న్యో దిన్ డియెమ్ ఎన్నికలకు ఒప్పుకోలేదు, అమెరికా అతన్నే వెనకేసుకొచ్చింది. ఫ్రెంచి యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే ఓటు పెట్టి ఉంటే జనంలో బహుశా 80 శాతం ఉత్తరాది కమ్యూనిస్టు నాయకుడు హోచిమిన్‌కే వేసేవారని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాశాడు. జనం ఎటు ఉన్నారో తెలిసి కూడా వెళ్లారన్న మాట.

1964 ఆగస్టులో వియత్నాం పక్కనున్న టాంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద రెండుసార్లు దాడి జరిగిందని చెప్పి జాన్సన్ యుద్ధానికి అనుమతి తీసుకున్నాడు. సెనేట్‌లో వ్యతిరేకించింది ఇద్దరే. ఆ రెండో దాడి అసలు జరగనే లేదు. 1969 నాటికి అక్కడ అయిదు లక్షల నలభై వేలకు పైగా అమెరికన్ సైనికులున్నారు. అప్పటిదాకా విదేశాంగమంత్రిగా ఉన్నది ఎవరో తెలుసా? పై జవాబులో కొరియా గీత గీసిన డీన్ రస్కే.

‘ఒక దేశం పడితే వరసగా అన్నీ పడిపోతాయి’ అన్న వాదన అవతలివాళ్లు తప్పక తెస్తారు. లావోస్, కంబోడియా పడ్డాయి, అది కాదనకు. థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా పడలేదు. 1978 చివర్లో కమ్యూనిస్టు వియత్నాం కంబోడియాలోని కమ్యూనిస్టు పోల్ పాట్ మీద దండెత్తింది. 1979 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు చైనా వియత్నాం మీద దండెత్తింది. మాస్కో ఆడిస్తే అందరూ ఆడతారన్న లెక్క అక్కడే తప్పిపోయింది. యుద్ధం నడిపిన రక్షణమంత్రి మెక్‌నమారా 1995లో తాము ఘోరంగా పొరబడ్డామని రాశాడు.

ఒక జాగ్రత్త. హోచిమిన్ పక్షాన్ని మచ్చలేనిదిగా చూపించకు. ఉత్తరాన భూసంస్కరణల్లో వేలమందిని చంపారు. 1968లో హ్యూ నగరాన్ని పట్టుకున్నప్పుడూ సామాన్యులను చంపి పూడ్చిపెట్టారు. 1975 తర్వాత పడవలెక్కి పారిపోయిన లక్షలమంది గురించి అడిగితే తలవంచుకోవద్దు, అది నిజమేనని చెప్పు. సోవియట్ ట్యాంకులు 1956లో హంగేరీలో, 1968లో చెకొస్లొవేకియాలో చేసిందీ తప్పేనని అను. అప్పుడే నీ మాట సభ వింటుంది. ఆ తర్వాత ఎదుటి పక్షాన్ని ఒక్కటే అడుగు: ప్రజాస్వామ్యం కోసమే వెళ్లారా? అయితే 1956 జూలై ఎన్నికలను ఎందుకు జరగనివ్వలేదు? ఉత్తరాన స్వేచ్ఛగా ఓటు పడదు కాబట్టి అంటారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ అది చూడటానికే జెనీవాలో పర్యవేక్షక సంఘాన్ని పెట్టారని గుర్తుచేసి, జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్న వదలకు.