ల్యాండ్‌లైన్ బిల్లు తగ్గాలంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి

ప్రశ్న: ల్యాండ్‌లైన్‌కు నెలనెలా లైన్ అద్దె, దానిపైన కాల్స్ ప్యాకేజీ కడుతున్నాం. మాట్లాడేది చాలా తక్కువ. నిమిషానికి తక్కువ ధర చెబుతున్న వేరే సంస్థకు మారితే కలిసొస్తుందా?

ఇదే ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. అందరి చూపూ నిమిషం ధర మీదే ఉంటుంది, డబ్బు పోయేది మాత్రం అద్దె దగ్గర. చివరి మూడు బిల్లులు పక్కపక్కన పెట్టుకోండి. అద్దె ఎంత, ప్యాకేజీ ఎంత, ప్యాకేజీలోకి రాని కాల్స్ ఎంత అని విడివిడిగా రాసుకోండి. మీరు చెప్పినట్టు మాట్లాడేది తక్కువైతే నిమిషం ధర సున్నా అయినా బిల్లు పెద్దగా దిగదు. ముందు ప్యాకేజీ తీసేయించండి. కొత్త సంస్థ టారిఫ్‌లో కాల్ కలిసిన వెంటనే పడే స్థిర రుసుము ఉందేమో చూడండి. పూర్తి నిమిషాలకు సర్ది లెక్కగట్టే పద్ధతి అయితే 61 సెకన్ల కాల్‌కు రెండు నిమిషాల డబ్బు తీసుకుంటారు. ప్రకటనలో కనిపించే తక్కువ ధర ఈ రెండింటి వల్లే మాయమైపోతుంది.

మారాలని నిర్ణయించుకుంటే పాత లైన్‌ను మీరే ముందుగా రద్దు చేయకండి. రద్దయిన నంబర్‌ను వేరే సంస్థకు బదిలీ చేయించుకోవడం చాలా కష్టం, తరచుగా కుదరదు కూడా. బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి తీగ మీద వస్తుంటే ఫోనుతో పాటు అదీ ఆగిపోవచ్చు.

ప్రశ్న: అద్దె భారం తగ్గుతుందని ఇంటర్నెట్ ద్వారా కాల్స్ చేసే సర్వీసుకు మారాం. పాత ఫోనునే ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పెట్టెకు, అంటే అడాప్టర్‌కు, తగిలించాం. ఈ నెల బిల్లులో మేము ఎన్నడూ చేయని విదేశీ కాల్స్ ఉన్నాయి, అన్నీ తెల్లవారుజామునే. మీ ఖాతా నుంచే వెళ్లాయి కాబట్టి కట్టాల్సిందే అంటోంది సంస్థ.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. చౌక కాల్స్ కోసం మారినవాళ్లు ఒక్క రాత్రిలో కొన్నేళ్ల అద్దెకు సమానమైన డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఇందులో ఉంది.

అడాప్టర్‌కు సెట్టింగుల పేజీ ఒకటి ఉంటుంది. చాలా అడాప్టర్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. తాళంచెవిని తలుపుకే వేలాడదీసి ఇల్లు అప్పగించడం లాంటిది ఇది. ఇంటర్నెట్ కాల్స్‌కు వాడే 5060 నంబరు పోర్టు (పరికరంలోకి ఇంటర్నెట్ దారి) ఎక్కడ తెరిచి ఉందా అని వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి లోపలికి వచ్చి మీ కాలింగ్ ఖాతా వివరాలు పట్టుకున్నారంటే, వాళ్లకు ఆ తర్వాత మీ అడాప్టర్‌తో పనే లేదు. ఎక్కడి నుంచైనా మీ పేరుతో కాల్స్ చేయగలరు. చేసేది కబుర్లకు కాదు. నిమిషానికి ఎక్కువ ఛార్జీ పడే విదేశీ నంబర్లకు చేస్తారు. ఆ ఛార్జీలో వాటా తిరిగి ఆ ముఠాకే చేరుతుంది. ఎవరూ గమనించరని రాత్రులు, సెలవు రోజులు ఎంచుకుంటారు.

కాల్స్ జాబితా తెప్పించుకుని మొదలైన సమయాన్ని, ఎంతసేపు సాగిందన్నదాన్ని కలిపి చూడండి. 3.10కి మొదలైన కాల్ ఇంకా నడుస్తుండగానే 3.12కి, 3.13కి మరో రెండు మొదలై ఉంటే, ఒక్క ఫోను ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చే ఫిర్యాదులో ఆ వరుసలనే గుర్తుపెట్టి చూపించండి. ఆ కాల్స్ ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి వచ్చాయో కూడా అడగండి, సాధారణంగా అది వాళ్ల రికార్డులో ఉంటుంది.

ఇక మీ వైపు చేయాల్సినవి. అడాప్టర్ పేజీ పాస్‌వర్డ్ వేరు, కాలింగ్ ఖాతా పాస్‌వర్డ్ వేరు. ఒకటి మార్చి ఊరుకునేవాళ్లే ఎక్కువ, రెండూ మార్చండి. బయటి ఇంటర్నెట్ నుంచి ఆ పేజీ తెరుచుకునే సదుపాయం ఆపేయండి. రూటర్‌లో 5060 పోర్టును అడాప్టర్‌కు ఫార్వర్డ్ చేయమని, అంటే బయటి నుంచి ఆ పోర్టుకు వచ్చేదంతా నేరుగా అడాప్టర్‌కు పంపమని, కొన్ని సూచనల పుస్తకాల్లో రాస్తున్నారు. మామూలు ఇంటి వాడకానికి ఆ అవసరం లేదు, అడాప్టరే సంస్థ సర్వర్‌ను పలకరించి దారి తెరిచి ఉంచుతుంది. ఖాతా ప్రీపెయిడ్‌లో ఉండాలి, బ్యాలెన్స్ దానంతట అదే నిండే ఏర్పాటు ఉండకూడదు. విదేశీ కాల్స్ అవసరం లేకపోతే పూర్తిగా మూయించండి. ఒకేసారి వెళ్లగలిగే కాల్స్‌ను ఒకటికి పరిమితం చేయించండి.

ఇవన్నీ వాడుకరి చేతికి వదిలేయడమే నాకు కోపం తెప్పించే విషయం. ఈ కాల్స్‌కు ఆధారమైన సిప్ ప్రమాణం ఇప్పుడున్న రూపంలో 2002 నుంచీ ఉంది. ప్రతి పెట్టెకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టే అలవాటును మాన్పించడానికి చివరికి చట్టాలు రావాల్సి వచ్చింది: కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి. కొత్త ఖాతాకు విదేశీ కాల్స్ మొదటి రోజే తెరిచి ఉంచడం, ఖర్చుకు పరిమితి పెట్టకపోవడం సర్వీసు అమ్మేవాళ్ల నిర్లక్ష్యమే. వినియోగదారుడు అడిగాక తెరిస్తే సరిపోయేదానికి, దొంగ వచ్చాక మూస్తున్నారు.

ప్రశ్న: ఇంటర్నెట్ కాల్స్‌లో అవతలివాళ్ల మాట వినిపిస్తోంది, నా మాట వాళ్లకు అందడం లేదు. ఎక్కువ వేగం ఉన్న ప్లాన్ తీసుకోమంటున్నారు.

తీసుకోకండి. ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు వంద కిలోబిట్లు కూడా పట్టవు. రూటర్ సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్స్ సమాచారాన్ని రూటర్ మధ్యలో సవరించే సదుపాయం) అనేది ఉంటే ఆపి, రూటర్‌నూ అడాప్టర్‌నూ రీస్టార్ట్ చేసి చూడండి. ఒకవైపే మాట వినిపించడానికి తరచుగా కారణం అదే.

ప్రశ్న: ఫైబర్‌కు మార్చాక కరెంటు పోతే ఫోను మూగబోతోంది. అద్దె మాత్రం తగ్గలేదు.

రాగి తీగలో ఎక్స్‌ఛేంజ్ బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది, అందుకే ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను మోగేది. ఫైబర్‌లో వచ్చేది కాంతి మాత్రమే. ఆ భద్రతను తీసేసి అద్దె అలాగే ఉంచడం న్యాయం కాదు, అడిగి తగ్గించమనండి. వృద్ధుల అత్యవసర అలారంలు ఈ మార్పు తర్వాత పనిచేయకపోవడంతో బ్రిటన్‌లో పెద్ద సంస్థలు 2023 డిసెంబర్‌లో బలవంతపు మార్పిడిని నిలిపివేయాల్సి వచ్చింది. అక్కడి పాత నెట్‌వర్క్‌ను పూర్తిగా ఆపే గడువు కూడా 2027 జనవరికి జరిగింది.

చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఫైబర్ పెట్టె, రూటర్ రెండూ దానికే కలపాలి. కార్డ్‌లెస్ ఫోను అయితే దాని బేస్‌ను కూడా కలపాలి, దాన్నే చాలామంది మరిచిపోతున్నారు. ఇల్లు మారితే సంస్థ దగ్గర నమోదైన చిరునామా వెంటనే మార్పించండి. ఇంటర్నెట్ లైన్ నుంచి అత్యవసర నంబర్‌కు చేసినప్పుడు అవతల కనిపించేది ఆ పాత చిరునామా కావచ్చు.