కంట్రీ పాటల్లో శ్లేష: నాకు ఆలస్యంగా వెలిగింది

“కంట్రీ పాటలంటే ట్రక్కు, మందు, విడాకులే కదా, వాటిలో పదాల చమత్కారం ఎక్కడుంది?” అని ఒకరు అడిగారు. కంట్రీ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాటల శైలి. ఆ పాటలకు కేంద్రమైన అమెరికా నగరం నాష్‌విల్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో నేనూ అచ్చం అలాగే అనుకునేవాణ్ణి.

ఒకరోజు కొలీగ్ కారులో బెల్లమీ బ్రదర్స్ అనే అన్నదమ్ముల జంట 1979 పాట పెట్టాడు: ‘ఇఫ్ ఐ సెడ్ యూ హ్యాడ్ ఎ బ్యూటిఫుల్ బాడీ వుడ్ యూ హోల్డ్ ఇట్ అగైన్‌స్ట్ మి’. అంటే ‘నీ ఒళ్ళు అందంగా ఉందంటే నా మీద కోపం పెట్టుకుంటావా’ అని. పల్లవి రాగానే అతను నవ్వాడు, నేను అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ‘హోల్డ్ ఇట్ అగైన్‌స్ట్ మి’ అంటే నా మీద కోపం మనసులో పెట్టుకోవడం అని ఒక్క అర్థమే నాకు తెలుసు. మాటకు మాట విడదీస్తే ‘దాన్ని నాకు ఆనించు’ అని కూడా వస్తుందట! తప్పుగా అనుకోకు అంటూనే కౌగిలి అడిగేశాడు మహానుభావుడు. మన అవధానంలో అయితే దీనికి చప్పట్లు పడేవి.

ఇది సరదా రకం. నన్ను పడేసింది ఇంకోటి. కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ 1980లో పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’. ‘ఇవాళ ఆమెను ప్రేమించడం మానేశాడు’ అన్న పేరు వింటే అతను ఆమెను ఎలాగో మర్చిపోయాడు అనుకుంటాం. చచ్చేదాకా ప్రేమిస్తానన్నాడని మొదటి లైన్‌లోనే చెప్పేస్తారు, మనం పట్టించుకోం. గోడ మీద ఫొటో, పాత ఉత్తరాలు అయ్యాక, ఇవాళ చూడటానికి వెళ్తే ప్రయాణానికన్నట్టు ముస్తాబై ఉన్నాడు, ఏళ్ళ తర్వాత మొహంలో నవ్వు. అప్పుడొస్తుంది పల్లవి. వెంటనే గుమ్మానికి పూలచక్రం, చావు ఇంటికి పెట్టేది. ప్రేమించడం మానేశాడంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఇందులో తమాషా పదం ఒక్కటీ లేదు. అదే మాట, ఎక్కడ పెట్టారన్నదే పనితనం.

రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్. 1968లో గాయని టామీ వైనెట్‌కి ‘డి-ఐ-వి-ఓ-ఆర్-సి-ఇ’ (డైవోర్స్, అంటే విడాకులు) రాసిందీ వీళ్ళే. నాలుగేళ్ళ పిల్లాడికి తెలియకూడదని తల్లి బాధంతా స్పెల్లింగుల్లో చెప్పుకుంటుంది. కస్టడీ స్పెల్లింగ్ వింటే వాడికి అదేదో ఆట అనిపిస్తుంది. (టామీ మరుసటి ఏడాది జోన్స్‌నే పెళ్ళాడింది, తర్వాత విడాకులూ అయ్యాయి.) మా ఇంట్లోనూ పిల్లాడి ముందు ‘పి-ఎ-ఆర్-కె’ అనేవాళ్ళం. రెండు వారాల్లో వాడు ఆ నాలుగక్షరాలు వినగానే చెప్పులు తెచ్చుకోవడం మొదలెట్టాడు.

మీరు జోన్స్ పాటతోనే మొదలుపెట్టండి. కథ చెప్పేసినందుకు సారీ, అయినా పనిచేస్తుంది.