సాయంత్రమైతే "మా ఇంటికి పోతా" అనే అమ్మగారి గురించి
చీకటి పడేసరికి అమ్మగారు సంచి సర్దుకుని గేటు దగ్గర నిలబడుతున్నారని రాశారు కదండీ. డిమెన్షియాలో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బులో ఇది మామూలే, మా నాన్న కూడా ఇలాగే చేసేవారు. "ఇదే మన ఇల్లు" అని వాదించకండి, గొడవ పెరుగుతుందంతే. "పాలు తాగి వెళ్దాం అమ్మా" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకురండి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చాలాసార్లు ఆ మాటే మర్చిపోతారు. పొద్దుండగానే లైట్లు వేసేయండి, నీడలు చూసి బెదురుతారు.

వయసు మతిమరుపని వదిలేయకుండా న్యూరాలజిస్ట్‌కి చూపించి బి12, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. రెండు రోజుల్లోనే హఠాత్తుగా ముదిరితే మాత్రం ఆగొద్దు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. మాకు అదే తేలింది. చెవులూ టెస్ట్ చేయించండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటి. మీకే టెన్షన్ ఎక్కువైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.