టెక్ సందేహాలు: స్కాన్ ఎంతదాకా వచ్చిందో చూపిస్తే పేటెంట్ ఇస్తారా?

ప్రశ్న: డయాగ్నస్టిక్ సెంటర్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాశాను. ఎమ్మారైకో సీటీకో వచ్చిన పేషెంట్ ఏ దశలో ఉన్నారో హాల్లోని టీవీలో రంగుల బార్‌తో చూపిస్తుంది. రిజిస్ట్రేషన్ నుంచి రిపోర్ట్ చేతికొచ్చేదాకా అన్నీ కనబడతాయి. ఇంట్లోవాళ్ళకు ఎస్సెమ్మెస్‌లో లింక్ కూడా వెళ్తుంది. నాలుగు సెంటర్లలో నడుస్తోంది. పేటెంట్‌కి అప్లై చేస్తే చెన్నై ఆఫీసు నుంచి ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కింద కుదరదన్నారు. కొత్తదనం లేదంటూ పాత డాక్యుమెంట్లు రెండు చూపించారు. ఎగ్జామినర్ నా సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారైనా నడిపి చూడలేదు. ఇది న్యాయమేనా? స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరాలు రాసిచ్చిన పత్రం), స్క్రీన్‌షాట్లు జతచేశాను. – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ మూడు నెలల్లో ఇలాంటి ఉత్తరం ఇది నాలుగోది. ఒకరిది క్లినిక్ టోకెన్ యాప్, ఒకరిది ల్యాబ్ శాంపిల్ ట్రాకింగ్, ఇంకొకరిది అంబులెన్స్. అందరి కోపమూ ఒకటే, ఎగ్జామినర్ మా యాప్ చూడలేదని. చూడరండీ. ఆయన ముందు ఉండేది మీ యాప్ కాదు, మీరు రాసిచ్చిన క్లెయిములు, అంటే ‘ఇంతవరకు నాది’ అని మీరు గీసుకున్న హద్దులు. మీ మొదటి క్లెయిములో ఏముంది? పేషెంట్ దశను తీసుకోవడం, సర్వర్లో దాచడం, తెరమీద చూపడం. దానికి ముందు ‘ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే గల వ్యవస్థ’ అని తగిలించారు. ఆ మూడూ మా మనవడి ట్యాబ్‌లోనూ ఉన్నాయి.

3(కె) చెప్పేది ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే’ పేటెంట్‌కి పనికిరాదని. ఉత్త ప్రోగ్రామ్‌కి ఇవ్వం అని అర్థం. ఆ ‘పర్ సే’ అన్న రెండు ముక్కలు 2002 సవరణతో వచ్చాయి. 2004 డిసెంబర్ ఆర్డినెన్సులో ఈ క్లాజుని కొంచెం సడలించారు, 2005లో పార్లమెంటు ఆ సడలింపుని తీసేసింది. అప్పటినుంచీ గొడవంతా ఆ రెండు ముక్కల చుట్టూనే. 2019 డిసెంబర్‌లో ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రామ్ ఉందన్న ఒక్క కారణంతో తలుపు వేసేయకూడదనీ, అందులో సాంకేతిక ఫలితం ఉందా లేదా అని చూడాలనీ చెప్పింది. పేటెంట్ ఆఫీసు తన గైడ్‌లైన్స్‌ని 2017లో ఒకసారి, 2025 జూలైలో మరోసారి మార్చింది. సాంకేతిక ఫలితం అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. నేను నాకు నేను వేసుకునే ప్రశ్న చెబుతాను: దీనివల్ల మెషీనో నెట్‌వర్కో ఇదివరకటి కంటే బాగా పనిచేస్తోందా, లేక రిసెప్షన్‌లో అమ్మాయికి పని తగ్గిందా? రెండోదే అయితే అది మంచి పనే గానీ పేటెంట్ ఆఫీసు పని కాదు. ఇంకో మాట. 3(ఎన్) అని ఒకటుంది, సమాచారాన్ని ఫలానా తీరులో చూపించడం ఆవిష్కరణ కాదంటుంది. మీ రిపోర్టులో అది లేదు. హియరింగ్‌లో రంగుల బార్ గురించి మరీ గొప్పగా చెబితే అదీ వచ్చి కూర్చుంటుంది.

ఇక కొత్తదనం సంగతి. స్కాన్ ఎంతదాకా వచ్చిందో కంప్యూటర్‌కి చెప్పడం అనే ఆలోచనకు మీసాలొచ్చి చాలా ఏళ్ళయింది. స్కాన్ ఇమేజీలు ఒక కంపెనీ మెషీన్ నుంచి ఇంకో కంపెనీ కంప్యూటర్‌కి వెళ్ళడానికి 1985లో ఒక ప్రమాణం పుట్టింది, 1993లో దానికే డైకామ్ అని పేరొచ్చింది. అందులో ఎంపీపీఎస్ అని ఒక మెసేజ్ ఉంది. స్కాన్ మొదలవగానే మెషీన్ తనంతట తానే ‘ఇన్ ప్రోగ్రెస్’ అని పంపుతుంది. అయిపోగానే ‘కంప్లీటెడ్’ అంటుంది, మధ్యలో ఆపేస్తే ‘డిస్‌కంటిన్యూడ్’ అంటుంది. ఎగ్జామినర్ చూపించిన రెండు డాక్యుమెంట్లలో ఒకటి దీని మీద కట్టిందే. మీరు ఫైల్ చేయకముందే వెతికి ఉంటే మీకే దొరికేది. పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ సైట్లో వెతకడానికి పైసా అక్కర్లేదు. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లన్నీ జి16హెచ్ అనే క్లాసులో ఉంటాయి. ఇమేజీలవి 30 కింద, పని నిర్వహణవి 40 కింద.

మన సెంటర్లలో ఆ ఎంపీపీఎస్ సంగతి ఏమిటంటే, చాలాచోట్ల దాన్ని ఆన్ చేయరు. దాని బదులు టెక్నీషియన్ మౌస్‌తో బటన్ నొక్కుతాడు. మొన్న మా అమ్మని సీటీకి తీసుకెళ్ళాను. క్రియాటినిన్ చూశారు, గౌను వేశారు, చేతికి క్యాన్యులా పెట్టి టేప్ అంటించారు, బల్ల మీద కూర్చోబెట్టారు. ఆవిడ ఎదురుగా టీవీలో ఆవిడ పేరు, పక్కన పచ్చరంగులో ‘స్కాన్ పూర్తయింది’. “అయిపోయిందట కదరా, ఇంటికి పోదామా?” అని లేచింది. లోపల పిల్లాడు తన భోజనానికి ముందు నలుగురి పేర్లకీ ఒకేసారి ‘కంప్లీట్’ కొట్టి వెళ్ళాడట. ఇలాంటి బోర్డుల మీద నాకున్న కోపం ఇదే. వాటికి తెలిసింది స్కాన్ కాదు, టెక్నీషియన్ వేలు. తెలియనప్పుడు ‘తెలియదు’ అని చూపించే మర్యాద కూడా ఉండదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలో 99 శాతం దగ్గర అరగంట నిలబడే గీత కూడా ఈ వంశంలోదే. ఆ గీత ఎవరి కోసం గీశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నట్టు, మీ ఉత్తరం చివర్లో తోకలా ఒక వాక్యం రాశారు: ‘టెక్నీషియన్లు బటన్ మరిచిపోతున్నారని, సర్వర్‌కి వస్తున్న ఇమేజీల హెడర్లు (ఫైల్‌తో పాటే ఉండే వివరాలు) చదివి ఎన్నో సీక్వెన్స్ నడుస్తోందో సాఫ్ట్‌వేరే పట్టుకునేలా చేశాను’ అని. బాబూ, చెప్పుకోవలసింది అదీ! ఎమ్మారైలో ఒక్కో సీక్వెన్స్, అంటే ఒక విడతలో తీసే బొమ్మల వరస, కొన్ని నిమిషాలు పడుతుంది. పేషెంట్ కదిలి ఒకటి చెడిపోతే టెక్నీషియన్ దాన్ని మళ్ళీ తీస్తాడు. అది ‘మళ్ళీ తీసినది’ అని పట్టుకుని మిగిలిన టైమ్‌ని సరిచేయడం, ఇంకో అడుగు ముందుకేసి పేషెంట్ బల్ల దిగకముందే చెడిన సీక్వెన్స్‌ని పట్టివ్వడం – ఇక్కడ వాదించడానికి ఏదో ఉంది. అయితే ఒక చిక్కు. సెక్షన్ 59 ప్రకారం ఇప్పుడు సవరణల్లో కొత్త విషయం చేర్చనివ్వరు. ఇది మీ అసలు స్పెసిఫికేషన్‌లో ఎంత ఉందని వెతికాను. పదకొండో పేజీలో రెండు లైన్లు. ఆ రెండు లైన్ల మీద ఎంత క్లెయిమ్ నిలబడుతుందో మీ అటార్నీనే అడగండి. జవాబుకి రిపోర్ట్ జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలలు గడువు. మర్చిపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. అలాగే మొదటి సెంటర్లో బిగించిన తేదీ, ఫైల్ చేసిన తేదీ రెండూ పక్కపక్కన రాసి చూసుకోండి. బిగించిందే ముందయితే మీ సాఫ్ట్‌వేరే మీమీద సాక్ష్యం చెప్పే ప్రమాదం ఉంది. పేటెంట్ రాకపోయినా కోడ్ మీద కాపీరైట్ మీకు ఎటూ ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పేటెంట్ సంగతి ఇంతటితో ఆపేస్తాను. ఎందుకంటే మీ స్క్రీన్‌షాట్లు చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మొదటిది, మీ లింక్. చివర్లో ఐదంకెల నంబరు ఉంది. పేషెంట్ నంబరేగా? దాంట్లో చివరి అంకె మారిస్తే పక్క పేషెంట్ వస్తారు. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. నేను మార్చి చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు, మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్లలో నంబర్లు వరసగా ఉన్నాయి. పక్కింటాయనకి ఎమ్మారై దేనికి తీశారో, ఎవరి కోడలికి ఏ స్కాన్ జరిగిందో తెలుసుకోవడానికి హ్యాకర్ అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. లింక్‌లో ఊహించలేని పొడుగాటి కోడ్ పెట్టండి. ఇరవై నాలుగు గంటల తర్వాత అది చచ్చిపోవాలి. రిపోర్ట్ తెరవాలంటే ఓటీపీ అడగాలి. హాల్లో టీవీ మీద పేరు, వయసు, స్కాన్ పేరు ఎందుకు? టోకెన్ నంబరు చాలదా?

రెండోది ఇంకా ఘోరం. ‘డాక్టర్ గారు ఇంటినుంచి రిపోర్టింగ్ చేసుకునేలా ఇమేజ్ సర్వర్‌కి స్టాటిక్ ఐపీ ఇచ్చి రౌటర్లో పోర్ట్ ఓపెన్ చేశాం’ అని గొప్పగా రాశారు. అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా నేరుగా వచ్చి తట్టేలా తలుపు తీశారన్నమాట. డైకామ్ ఆసుపత్రి నాలుగు గోడల మధ్య తిరగడానికి పుట్టిన ప్రమాణం. చాలా సర్వర్లు అవతలివాడిని అడిగేది ఏఈ టైటిల్ ఒక్కటే. పదహారు అక్షరాలకు మించని పేరు అది, పాస్‌వర్డ్ కాదు. కొన్ని అదీ అడగవు. ఎన్‌క్రిప్షన్ ప్రమాణంలో ఉంది, సెంటర్లలో ఆన్ చేసినవాళ్ళు అరుదు. 2019లో గ్రీన్‌బోన్ అనే జర్మనీ సెక్యూరిటీ సంస్థ ఇంటర్నెట్‌కి తగిలి ఉన్న ఇలాంటి ఇమేజ్ సర్వర్లు 2,300 పరిశీలిస్తే 590 బార్లా తెరిచి ఉన్నాయి. 52 దేశాల పేషెంట్ల రికార్డులు 2.4 కోట్లకు పైగా. ఆ జాబితాలో మన దేశమూ ఉంది. మీ రౌటర్లో ఆ పోర్ట్ ఇవాళే మూసేయండి, ఈ వ్యాసం చివరిదాకా చదవకపోయినా ఫర్వాలేదు. డాక్టర్ గారికి వీపీఎన్, అంటే పాస్‌వర్డ్‌తో తెరుచుకునే రహస్య దారి, పెట్టండి. పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టాలని ఆయన విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం సమాచారానికి తగిన కాపలా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సెంటర్ యజమానికి ఈ అంకె చెప్పి చూడండి, వీపీఎన్‌కి డబ్బు అదే వస్తుంది.

మూడోది మీరు గమనించినట్టు లేరు. మీ స్పెసిఫికేషన్‌లో ఫిగర్ 3. అది నిజమైన స్క్రీన్. అందులో ఒకావిడ పూర్తి పేరు, వయసు, ‘ఎమ్మారై పెల్విస్’, కింద పది అంకెల ఫోన్ నంబరు. పేటెంట్ దరఖాస్తు 18 నెలలకి ప్రచురణ అవుతుంది. ఎవరైనా, ఎక్కడినుంచైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీ స్క్రీన్ ఎంత అందంగా ఉందో చూపించాలన్న సరదాలో ఆవిడ సంగతి ప్రపంచానికి పంచిపెట్టారు. రేపు పొద్దున్నే అటార్నీకి ఫోన్ చేసి ఆ పేజీ గురించి పేటెంట్ ఆఫీసుకి రాయించండి. ఎగ్జామినర్‌కి జవాబు ఆ తర్వాత.

ప్రశ్న: నాదీ స్కాన్ సెంటర్ యాపే. మా బావ డాలస్‌లో ఉంటాడు. అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఈజీ, ముందు ఇక్కడే ఫైల్ చేద్దాం అంటున్నాడు. చేయమంటారా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ బావగారు పదేళ్ళు పాత కబురు చెబుతున్నారు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా, ఉత్త ఆలోచనని తెచ్చి కంప్యూటర్లో పెట్టినంత మాత్రాన పేటెంట్ రాదన్నారు. 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్ కేసని ఇంకోటి. కరెంటు గ్రిడ్ మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ అది. సమాచారం సేకరించి, విశ్లేషించి, చూపించడం అంతవరకే అయితే అది ఉత్త ఆలోచనే అని అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. గ్రిడ్ తీసేసి స్కాన్ సెంటర్ పెట్టి చదువుకోండి. ఒక్క సదుపాయం నిజం: మీ యాప్‌ని మీరే బయటపెట్టిన ఏడాదిలోపు అక్కడ ఫైల్ చేసుకోవచ్చు, మన దగ్గర అంత ఉదారంగా ఉండరు.

మీరు ఇక్కడ ఉంటున్నారు కాబట్టి సెక్షన్ 39 మీకు వర్తిస్తుంది. ఇక్కడి పేటెంట్ ఆఫీసు రాతపూర్వక అనుమతి లేకుండా ముందు బయట ఫైల్ చేయకూడదు. లేదంటే ఇక్కడ ఫైల్ చేసి ఆరు వారాలు ఆగాలి. తప్పితే ఇక్కడి దరఖాస్తు పోతుంది, చట్టంలో రెండేళ్ళదాకా జైలు మాట కూడా ఉంది. బావగారికి ఈ ముక్క ఫార్వర్డ్ చేయండి. దరఖాస్తు మీ సొంత పేరుమీద ఉంటే ఫారం 18ఏ వేసి పరీక్ష త్వరగా చేయించుకోవచ్చు, మహిళలకి ఆ వెసులుబాటు ఉంది. మామూలు ఫారం 18కి 4,000 అయితే దీనికి 8,000 రూపాయలు. ముందు మాత్రం పైన గుంటూరు ఆయనకి రాసిన మూడు పాయింట్లూ మీ యాప్‌లో చూసుకోండి.

ప్రశ్న: నాన్నగారి ఎమ్మారై సీడీ నా కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం లేదు. లోపలున్న వ్యూయర్ నడిపితే యాంటీవైరస్ అరుస్తోంది. ఆపేసి నడపనా? – కరీంనగర్

జవాబు: ఆపొద్దు. ఆ వ్యూయర్ ఎప్పటి విండోస్ కోసమో రాసింది, అన్ని సెంటర్లూ దాన్నే కాపీ కొట్టి ఇస్తుంటాయి. అది మీకు అక్కర్లేదు. సీడీలో డైకామ్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మాత్రం కాపీ చేసుకుని, మీరే డౌన్‌లోడ్ చేసుకున్న ఉచిత డైకామ్ వ్యూయర్లో తెరవండి. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే చూపిస్తామనే సైట్లకి ఇవ్వకండి. ప్రతి ఇమేజ్ ఫైల్ లోపలా నాన్నగారి పేరు, పుట్టినతేదీ రాసి ఉంటాయి, బొమ్మ మీద కనబడకపోయినా సరే. అందుకే ఆ ఫోల్డర్‌ని జిప్ చేసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘ఎవరైనా మంచి డాక్టర్‌కి చూపించండి’ అనకండి. చూపించాల్సిన డాక్టర్‌కి సీడీ చేతికే ఇవ్వండి.