ఇంగ్లీషు ‘రన్’ తెలుగులో ఎక్కడెక్కడ పరుగెత్తుతుంది?

సందేహం: హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం నేర్పుతుంటాను. ‘రన్’ అన్న మాట కనబడితే చాలు, పిల్లలు ‘పరుగెత్తు’ అని రాసేస్తున్నారు. ‘మా మామయ్య హోటల్‌ను పరుగెత్తిస్తున్నాడు’ అని ఒకరు రాశారు. ఆ మాటకు వందల అర్థాలున్నాయంటారు, నిజమేనా? సరైన తెలుగు క్రియను ఎంచుకోవడం ఎలా? ‘రన్ చేస్తున్నాడు’ అని రాయవచ్చా? అన్ని అర్థాలున్న క్రియ మనకూ ఉందా?

సమాధానం: నిజమే. ‘రన్’ క్రియకు 645 అర్థాలున్నట్టు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు వారు లెక్క తేల్చారు. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నారు. అదే నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో పెద్దపీట ‘సెట్’ది, 430 అర్థాలతో. యంత్రాలు, రైళ్లు, తరవాత కంప్యూటర్లు వచ్చినకొద్దీ ‘రన్’ పని పెరుగుతూ వచ్చింది.

మీ విద్యార్థి వాక్యం ఎందుకు కుదరలేదో చూద్దాం. ఇంగ్లీషులో ఆ క్రియకు తొందర అన్న భావం చాలాచోట్ల చెరిగిపోయింది. కదలని రోడ్డుకూ, పాతిన కంచెకూ కూడా వాళ్లు దాన్ని వాడతారు. మన ‘పరుగు’లో తొందర చెక్కుచెదరలేదు. ‘రైలు నడుస్తోంది’ అంటే రాకపోకలు ఉన్నాయని, ‘రైలు పరుగెడుతోంది’ అంటే మంచి వేగం మీద ఉందని అర్థం. ‘ధరలు పరుగెడుతున్నాయి’ అన్నప్పుడు మన గుండెలో దడ కూడా ఆ మాటలోనే ఉంది. మామయ్య హోటల్‌లో అంత హడావిడి చెప్పదలచుకోలేదు కాబట్టి ఆయన దాన్ని నడుపుతున్నాడంతే.

ఇక ఎంపిక సంగతి. తెలుగులో క్రియ ఏదో తేల్చేది ఇంగ్లీషు మాట కాదు, మనం దేన్ని గురించి చెబుతున్నామో ఆ వస్తువు. ముక్కు కారుతుంది. ఉతికితే చీర రంగు దిగుతుంది. రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంది, కంచె చేను చుట్టూ ఉంటుంది. డబ్బాలో పంచదార అయిపోతుంది. భయానికి వెన్నులో వణుకు పుడుతుంది. పత్రిక వార్త వేస్తుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. వీటన్నిటికీ ఇంగ్లీషులో ఆ ఒక్క క్రియే సరిపోతుంది. ఎన్నికల దగ్గర మరో విశేషం ఉంది: అమెరికాలో అభ్యర్థి ‘పరుగెత్తుతాడు’, బ్రిటన్‌లో ‘నిలబడతాడు’. మన అభ్యర్థీ నిలబడేవాడే.

అందుకని పిల్లలకు అర్థాల పట్టిక ఇవ్వకండి. ఇంగ్లీషు వాక్యం చదివించి, పుస్తకం మూయించి, ‘ఈ సంగతి ఇంట్లో అమ్మమ్మకు ఎలా చెబుతావు?’ అని అడగండి. అమ్మమ్మతో ‘నా ముక్కు పరుగెడుతోంది’ అనే పిల్ల ఎక్కడా ఉండదు. సరైన క్రియ వాళ్ల నోట్లో ఉంది. కాగితం మీదికి రావడానికే జంకుతోంది.

మరొకటి కూడా చెప్పాలి. పరుగెత్తడానికి పాత తెలుగులో ‘పాఱు’ అనే క్రియ ఉంది, బండి ఱతో. ఇప్పుడు దాన్ని ఆ అర్థంలో విడిగా వాడటం లేదు గాని ‘పారిపోయాడు’లో అది అలాగే నిలిచింది. కాలువలో నీరు పారడమూ, ఎత్తు వేసినవాడి పాచిక పారడమూ దాని సంతతే. ‘తెల్లవారింది’ అంటాం చూడండి, అందులోనూ ఉన్నది ఇదే. సమాసంలో పకారం వకారంగా మారింది. రోజూ పొద్దున పలికే మాటలో ఇంత పాత క్రియ ఒదిగి ఉందని చెబితే పిల్లలు మరిచిపోరు. చెప్పి చూడండి.

చాలా అర్థాల క్రియ మనకూ ఉందా అన్నారు. ఒకటి కాదు, పడు, పెట్టు, కొట్టు, పట్టు, ఆడు ఉన్నాయి. నాకు వీటిలో ‘ఆడు’ అంటే ఎంతో ఇష్టం. పిల్లలు ఆడతారు, బొమ్మ సినిమాహాల్లో ఆడుతుంది, మిల్లు ఆడుతుంది, మనం అక్కడికి వెళ్లి పిండి ఆడించుకొస్తాం. కుక్క తోక ఆడిస్తుంది. గదిలో గాలి ఆడదు, ఊపిరి ఆడదు, కంగారులో కాళ్లూ చేతులూ ఆడవు. పంట డబ్బు వచ్చిన నెలలో చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. మాట్లాడటం, పోట్లాడటం, వేటాడటం, పెళ్లాడటం, అబద్ధమాడటం అన్నీ దాని మీదే నడుస్తాయి. నిండు గర్భిణి నీళ్లాడింది అంటే ప్రసవించిందని అర్థం. ఈ మాట తెలియని పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు, దయచేసి చెప్పండి. వీటన్నిటినీ ఇంగ్లీషువాడు ఒకే క్రియతో అనువదించబోతే వాడి పనీ మీ విద్యార్థి పనిలాగే అవుతుంది.

‘రన్ చేస్తున్నాడు’ సంగతి: మాటల్లో దొర్లితే దొర్లనివ్వండి, రాతలో వద్దు. ‘నడుపుతున్నాడు’ అన్నది దానికంటే చిన్నది, అందరికీ తెలిసింది. రనౌట్, రన్‌వే మన మాటలే అయిపోయాయి, అలాగే రాయించండి. క్రికెట్‌లో రన్స్‌కు ‘పరుగులు’ బాగా కుదిరింది, ఎందుకంటే అక్కడ ఆటగాడు నిజంగానే పరుగెత్తుతున్నాడు. కంప్యూటర్‌లో ప్రోగ్రామును ‘నడపండి’ అంటే చాలు. ‘అమలుపరచండి’ అని రాస్తే అది ప్రభుత్వ ఉత్తర్వులా వినిపిస్తుంది.