కాలినడక మొక్కు మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. నాకు ఆపరేషన్ జరిగినప్పుడు, గండం గడిస్తే ఏడుకొండలూ నడిచి ఎక్కుతానని మొక్కుకుంది. ఇప్పుడేమో మోకాళ్లు అరిగాయని డాక్టర్ చెప్పారు. బస్సులో వెళ్దాం, 300 రూపాయల దర్శనం టికెట్ తీస్తానంటే ‘నడవకపోతే మొక్కెట్లయితది?’ అంటోంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ముందు టికెట్ సంగతి పక్కన పెట్టండి. దర్శనం తొందరగా కావాలని అమ్మగారు అడగలేదు. బిడ్డ బతికితే తన ఒంటిని కష్టపెట్టుకుంటానని మాటిచ్చారు. ఆ మాట తప్పుతున్నానన్నదే ఆవిడ బాధ. కాబట్టి మొక్కు మార్చుకోవాల్సింది ఆవిడే, మీరు కాదు. దేవుడి గదిలో కూర్చుని తన నోటితోనే స్వామికి చెప్పుకోమనండి. తెల్లగుడ్డను పసుపునీళ్లలో తడిపి ఆరబెట్టి, 11 రూపాయలు పెట్టి ముడుపు కట్టమనండి. ‘నీ బదులు నేను నడుస్తా’ అని మాత్రం మీకై మీరు అనకండి. ఆవిడ అడిగి నడిపిస్తేనే అది ఆవిడ మొక్కులో భాగమవుతుంది.

అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. అంతస్తుకు 20 మెట్ల లెక్కన 175 అంతస్తుల పైమాటే. దగ్గరి దారి కదా అని పెద్దవాళ్లను శ్రీవారి మెట్టుకు తీసుకెళ్లేవాళ్లున్నారు. దూరం తగ్గిందంటే ఎక్కుడు నిటారుగా ఉందని అర్థం. అరిగిన మోకాళ్లకు అది మరీ కష్టం.

డాక్టర్ నాలుగడుగులకు ఒప్పుకుంటే అలిపిరికే వెళ్లండి. పాదాల మండపంలో స్వామివారి పాదుకలు తలమీద పెట్టించి ప్రదక్షిణ చేయించండి. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తే చాలు. మెట్టుమెట్టుకూ వంగి బొట్టు పెట్టడం నడకకన్నా ఎక్కువ బాధిస్తుంది. ఆ మొదట్లోనే తలయేరు గుండు ఉంది. ఆంజనేయస్వామిని చెక్కిన ఆ బండకు భక్తులు తల, మోకాళ్లు ఆనించి ఆనించి గుంటలు పడ్డాయి. నొప్పులు రాకూడదని అలా ఆనిస్తారు. అమ్మగారినీ ఆనించుకోనివ్వండి. అక్కణ్నుంచి వెనక్కి వచ్చి బస్సెక్కండి. దిగేటప్పుడే జాగ్రత్త: ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది, నొప్పి తిరగబెట్టేది అప్పుడే.

కొండ ఆదిశేషుడే కనుక పాదం మోపకూడదని రామానుజులు మోకాళ్లపై ఎక్కారని చెబుతారు. ఎవరి భక్తికి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు వెళ్లడం ఆ దారిలో కొత్త కాదు. ఈ మాట అమ్మగారికి చెప్పి చూడండి.

రాత్రి రైలు దిగగానే కొండకు బయల్దేరకుండా ఆ పూట తిరుపతిలో నడుం వాల్చనివ్వండి. పైన ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామి, తర్వాతే శ్రీవారు. దర్శనం టైమైపోతోందని చాలామంది వదిలేసేది ఇదే. ముడుపు ఆవిడ చేతిలోనే ఉంచండి. మీ జేబులో పెట్టుకుంటే, హుండీ దగ్గర తోపులాటలో తీసిచ్చేలోపే వరుస ముందుకు నెట్టేస్తుంది.